కుట్టుమిషను మీద ముగ్గురు జ్ఞానులు

దాదాపు ఇరవై ఏళ్ళ కిందట, ఒక డిసెంబరు నెలలో, మూడు మట్టిబొమ్మల్ని ఉండాల్సిన చోట ఉంచకుండా వేరే చోట పెట్టాను. నేను చేసిన తప్పు అది. వింటే మీకు నవ్వు రావచ్చు. ఇంతోటిదానికి ఇంత బాధేమిటని నన్ను నేను కసురుకున్న రోజులు కూడా ఉన్నాయి. అయినా ఆ బరువు దిగలేదు. ఏటా ఊళ్ళో ఇళ్ళ మీద స్టార్లు వెలిగే రోజులు వచ్చేసరికి అన్నం సయించదు. మా పాస్టరుగారికి చెప్పలేదు. మా ఆయనకు చెప్పలేదు. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు, అందుకే ఈ మాట మీ ముందు పెట్టే ధైర్యం వచ్చింది. పేర్లు మార్చాను. నా పేరు మాత్రం అడగకండి.

మాది రాజోలు దగ్గర కాలువ పక్కన ఒక ఊరు. నాన్న బడిపంతులు. క్రిస్మస్ నెల రాగానే ముందుగదిలో ఒక మూల వరిగడ్డితో, కొబ్బరాకుతో పశువుల పాక కట్టేవారు. మరియ, యోసేపు, గొల్లలు, గొర్రెలు మొదటిరోజే పాకలో చేరిపోయేవారు. పాకలో పుట్టిన యేసును చూడటానికి వచ్చే ముగ్గురు జ్ఞానులు మాత్రం ఉండేవారు కాదు. వాళ్ళు తూర్పుదేశం నుంచి రావాలి కదమ్మా, అప్పుడే ఎలా వచ్చేస్తారు అనేవారు నాన్న. ఆ ముగ్గురూ మా ఇంటి తూర్పు కిటికీలో బయలుదేరేవారు. నాలుగు రోజులకొకసారి, మేం లేచేసరికి కాస్త ముందుకు జరిగి ఉండేవారు. కిటికీ తర్వాత బియ్యం డబ్బా, అక్కడ భోజనం చేస్తున్నారు. ఆ తర్వాత నీళ్ళబిందెల గట్టు, అక్కడ ఒంటెలకు నీళ్ళు పట్టిస్తున్నారు. తర్వాత అమ్మ కుట్టుమిషను. తర్వాత రేడియో బల్ల. క్రిస్మస్ పొద్దున్నకి పాక దగ్గరకు చేరిపోయేవారు. నేనూ చెల్లెలూ పళ్ళు కూడా తోముకోకుండా ఇల్లంతా వెతికేవాళ్ళం. వాళ్ళు నిజంగానే నడుస్తున్నారని నమ్మేవాళ్ళం. నాన్న చెయ్యి నేను ఒకసారి చూసేశాను, కానీ చెల్లెలికి చెప్పలేదు. అది చాలా పెద్దయ్యేదాకా నమ్మింది.

చెల్లెల్ని ఇక్కడ రూతు అంటాను. పెళ్ళై పక్క ఊరికే వెళ్ళింది. ఇద్దరు ఆడపిల్లలు పుట్టాక మా మరిది పచ్చకామెర్లతో పోయాడు. ఇల్లు గడవాలి కాబట్టి రూతు కువైట్‌లో ఇంటిపనికి వెళ్ళింది. రెండేళ్ళు చేసి వచ్చేస్తాను, ఇక్కడే ఏదో ఒకటి పెట్టుకుంటాను అంది. పిల్లల్ని నా దగ్గర వదిలింది. పెద్దది దీవెనకి అప్పుడు ఆరేళ్ళు. చిన్నది కృప, ఇంకా మాటలు ముద్దముద్దగా వచ్చేవి. అమ్మా నాన్నా అప్పటికే లేరు. నాన్న ఇంట్లో నేనూ మా ఆయనా ఉండేవాళ్ళం. మాకు పిల్లలు కలగలేదు. నేనూ నాన్నలాగే టీచరునయ్యాను. ఆదివారం బడిలో అబద్ధం ఆడకూడదని పిల్లలకు పాట నేర్పే టీచర్ని కూడా నేనే. చూశారా, ఎంత బాగుందో.

మొదటి డిసెంబరులో ఆటను మళ్ళీ మొదలుపెట్టింది రూతే. అప్పట్లో మొహాలు చూపించే ఫోన్లు లేవు. శుక్రవారం దానికి సెలవు, ఆరోజు ఫోను చేసేది. ఒక శుక్రవారం పిల్లలతో అంది, జ్ఞానులు రేపు పొద్దున్న బియ్యం డబ్బా మీదుంటారు చూడండి, నాకిక్కణ్ణుంచి కనిపిస్తన్నారు అని. నాకు అర్థమైంది. మేమిద్దరం ముందుగా అనుకోవాల్సిన పనే లేదు. నాన్న దారి మా ఇద్దరికీ కంఠతా వచ్చు. మర్నాడు తెల్లారుజామున పాలు కాచడానికి లేచినప్పుడు బొమ్మల్ని కిటికీలోంచి తీసి బియ్యం డబ్బా మీద పెట్టాను. పిల్లలు లేచి పరుగెత్తారు. కృప చప్పట్లు కొట్టి ఇల్లంతా తిరిగింది. దీవెన మాత్రం నోరు తెరుచుకుని అలా నిలబడిపోయింది. అమ్మకి అక్కణ్ణుంచి ఈ ఇల్లు కనిపిస్తోందని దానికి నమ్మకం కుదిరింది. నిద్రపోయేటప్పుడు కూడా చూస్తుందా పెద్దమ్మా అని అడిగింది. చూస్తుందమ్మా అన్నాను. ఆ ఏడాదంతా ఆ పిల్ల నిద్రలో దుప్పటి తన్నేయలేదు, అమ్మ చూస్తుందని.

అది చూసి నేను సంతోషించాను. నిజంగా సంతోషించాను. ఈ ఒక్కమాట నమ్మండి. ఆ తర్వాతి మాటలకు వచ్చేసరికి నన్ను నమ్మమని అడిగే ముఖం నాకుండదు.

ఆ ఆటలో నాకొక వేషం ఉంది. ఏమీ తెలియని మనిషి వేషం. జ్ఞానులెక్కడున్నారో, ఎటు వెళ్తారో పక్కనే ఉన్న నాకు తెలియదన్నట్టు నటించాలి. అయ్యో, మీ అమ్మకి తెలిసిందే, నాకు తెలియలేదే అనాలి. మొదటి ఏడు సరదాగానే అన్నాను. ఏడాది గడిచింది. ఆ ఏడాదిలో కృపకి తట్టు పోసింది. దీవెనకి బళ్ళో ఎవరో నాన్న లేడని అన్నారు. చేపముల్లు గొంతులో దిగినప్పుడు, తలలో పేలు పడినప్పుడు, పన్ను ఊడినప్పుడు, అన్నిటికీ నేనున్నాను. ఇవన్నీ చెప్పి నా తప్పును తేలిక చేసుకుంటున్నానా? చేసుకుంటున్నానేమో. కానీ ఫోను మోగితే చాలు, నా చేతిలో అన్నం ముద్ద అలా ఉండగానే ఇద్దరూ లేచి పరుగెత్తేవారు. ఆ పరుగు నాకోసం ఎప్పుడూ పరుగెత్తలేదు. నేను ఎక్కడికీ వెళ్ళలేదు కదా, పరుగెందుకు?

రెండో డిసెంబరు మొదట్లో ఒక రోజు దీవెన వాకిట్లో పక్కింటి పిల్లతో చెబుతుంటే విన్నాను. మా అమ్మకి కువైట్ నుంచి కూడా అన్నీ కనిపిస్తాయి, మా పెద్దమ్మకి ఇంట్లో ఉండి కూడా ఏం తెలీదు అంది. పిల్ల మాట. తెలియనట్టు నటించింది నేను, నటన బాగా కుదిరినందుకు నవ్వుకోవాల్సింది కూడా నేనే. నవ్వు రాలేదు. ఒళ్ళు మండింది. ఆ మంట ఎవరి మీద? పిల్ల మీదా, చెల్లెలి మీదా? ఎడారిలో ఎవరింట్లోనో గచ్చులు కడుగుతున్న దాని మీద నాకు అసూయ పుట్టింది. రాయడానికి చెయ్యి రావడం లేదు, కానీ రాస్తున్నాను. దానికి ఉన్నదల్లా వారానికొక ఫోను. అది కూడా నాకే కావాలనిపించింది.

ఆ శుక్రవారం రూతు పిల్లలతో, రేపు కుట్టుమిషను మీద చూడండి అంది. శనివారం తెల్లారుజామున లేచాను. జ్ఞానుల్ని నీళ్ళగట్టు మీంచి తీశాను. మిషను దాకా వెళ్ళాను, పెట్టాను కూడా. పొయ్యి మీద పాలు పొంగుతుంటే పరుగెత్తి దించాను. తిరిగొచ్చి చూస్తే ముగ్గురూ అక్కడ బుద్ధిగా నిలబడి ఉన్నారు. కాసేపు చూశాను. తర్వాత వాళ్ళను పైటలో వేసుకుని వెనకవసారాలోకి వెళ్ళి రుబ్బురోలు పక్కన పెట్టేశాను. ఎందుకు పెట్టానో అప్పుడు నన్నడిగితే చెప్పగలిగేదాన్ని కాదు. ఇప్పుడు చెప్పగలను.

పిల్లలు మిషను దగ్గరకు పరుగెత్తారు. అక్కడేమీ లేదు. కృప మిషను కిందకు దూరి చూసింది, తొక్కుడుపలక వెనకాల చూసింది. దీవెన వెతకలేదు. నా వైపు చూసింది. నేను తల దువ్వుకుంటూ, మీ అమ్మ పనిలో ఉండి సరిగ్గా చూడలేదేమోలే అన్నాను. ఓదార్పు మాటలాగే ఉంది కదా? అంత మెత్తగా అన్నాను. కాసేపటికి కృపే రోలు దగ్గర కనిపెట్టి కేకేసింది. దీవెన వెళ్ళి చూసింది. చప్పట్లు కొట్టలేదు.

మొదటిసారి ఏదో చెయ్యి తొందరపడిందని సరిపెట్టుకోవచ్చు. తర్వాతి శుక్రవారం రూతు రేడియో బల్ల అంది. రేడియో ఎప్పుడో పోయి దాని మీదకు టీవీ వచ్చినా, మాకది రేడియో బల్లే. ఈసారి పాలు పొంగలేదు, తొందరేమీ లేదు. తిన్నగా తీసుకెళ్ళి ఫ్రిజ్ మీద పెట్టాను. ఆ పొద్దున్న కృప నా చీర కుచ్చిళ్ళు పట్టుకుని, అమ్మకి ఇంక కనిపించట్లేదా పెద్దమ్మా అని అడిగింది. నేను వంగి దాన్ని ఎత్తుకున్నాను. దూరం కదమ్మా అన్నాను. నేను చెప్తానుండు, ఈసారి ఎక్కడుంటారో అన్నాను. చెప్పాను. చెప్పిన చోటే ఉన్నారు మరి, ఎందుకుండరు? పిల్లలిద్దరూ నా మెడ పట్టుకుని వేలాడారు. అంతకన్నా సంతోషమైన పొద్దు నా జీవితంలో లేదు. నాకు బాగా సిగ్గుగా ఉన్నది కూడా ఆ సంతోషం గురించే.

తర్వాత ఫోను వచ్చినప్పుడు పిల్లలు ఎక్కువసేపు మాట్లాడలేదు. రూతు నన్ను పిలిచింది. మా మధ్య జరిగిన ఆ నాలుగు మాటలూ నాకు పొల్లు పోకుండా గుర్తున్నాయి.

"అక్కా, నీళ్ళగట్టు తర్వాత మిషనే కదా? అక్కడ లేరంటన్నారేంటి పిల్లలు?"

"మిషను కాదే. రోలు."

"రోలా? నాన్న మిషను మీద కదా పెట్టేవోరు?"

"ఎప్పుడూ పెట్టలేదు. సూదులుంటాయి, పిల్లలు చెయ్యి పెడతారని అమ్మ ఒప్పుకునేది కాదు. నీకు గుర్తు లేదా?"

వెనకాల ఎవరో ఆడమనిషి అరబ్బీలో కేకలేయడం వినిపించింది. రూతు గొంతు తగ్గించింది.

"ఏమోనక్కా. ఈ పనిలో పడి ఏదీ గుర్తుండట్లేదు. నాన్న దారి కూడా మర్చిపోయేనంటే చూడు. పిల్లలు బాధపడ్డారా?"

"చిన్నపిల్లలు, వాళ్ళకేం తెలుసే. పోనీలే, ఇంక నువ్వు చెప్పకు. ఆ ఆట నేను చూసుకుంటాలే."

"అలాగేనక్కా," అంది.

నేను అబద్ధం చెప్పడమే కాదు, దానికి చచ్చిపోయిన అమ్మను సాక్ష్యం తెచ్చాను. సూదుల మాట ఎలా తట్టిందో నాకే తెలియదు. టీచర్ని కదా, దేన్నైనా నమ్మేలా చెప్పడం నా వృత్తి. అప్పుడైనా, ఆ క్షణంలోనైనా, తప్పు నాదేనే రూతూ, బుద్ధి గడ్డి తిని బొమ్మలు మార్చాను అని ఉంటే? అది నవ్వేసేది. నా చెల్లెలు అలాంటిది. ఫోనులోనే తిట్టి, నవ్వి, పిల్లల్ని పిలిచి ఏదో సర్దేసేది. ఆ ఒక్కమాట అనలేకపోయాను. ఆ తర్వాత ప్రతి రోజూ ఆ మాట ఇంకాస్త కష్టమైంది.

ఒక సాయంత్రం దీవెన బడి నుంచి వచ్చి సంచి పడేసి, అమ్మా ఆకలి అంది. పెద్దమ్మా అనలేదు. బళ్ళో ఒక దీర్ఘం తప్పితే ఊరుకోని దాన్ని, ఆరోజు దిద్దలేదు. పకోడీలు వేసి పెట్టాను. నెల తిరిగేసరికి కృపా అలాగే పిలిచింది. కన్నతల్లి కువైట్ అమ్మ అయిపోయింది. పాస్టరమ్మగారు ఒకసారి గుమ్మంలో నిలబడి, సొంత తల్లి కూడా ఇంత బాగా చూడదండీ అన్నారు. ఆయ్, ఏదోనండీ, దేవుడిచ్చిన పిల్లలు అన్నాను నేను.

రెండేళ్ళకు రూతు వచ్చింది. వచ్చేస్తానన్న మాట ప్రకారం పూర్తిగా వచ్చేద్దామనే వచ్చింది. చాక్లెట్లు, సెంటుసీసాలు, పిల్లలకు మెరుపుల గౌన్లు తెచ్చింది. కృప నా వెనకాల దాక్కుంది. దీవెన దగ్గరకు వెళ్ళింది, ముద్దు పెట్టించుకుంది, థాంక్స్ అంది. పరాయివాళ్ళకు చెప్పినట్టు థాంక్స్ అంది. మర్నాడు రూతు దాన్ని కూర్చోబెట్టి ఎంతో ఇష్టంగా రెండు జడలు వేసింది. ఆ పిల్ల బుద్ధిగా వేయించుకుని, వంటింట్లోకి వచ్చి నెమ్మదిగా, వదులుగా ఉన్నాయమ్మా, మళ్ళీ వెయ్యవా అంది నాతో. రూతు గుమ్మంలోనే ఉంది. విన్నది. రబ్బరుబ్యాండ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

సెలవు అయిపోయేలోపు, ఇక్కడుండి నేనేం చేస్తానక్కా, నీ దగ్గర బాగున్నారు, ఇంకో రెండేళ్ళు చేసొస్తాను అంది. నేను ఉండమనలేదు. ఆ రెండేళ్ళు తర్వాత ఇంకో రెండేళ్ళయ్యాయి. అలా పిల్లలు కాలేజీ చదువులు అయ్యేదాకా అది అక్కడే ఉండిపోయింది. మోకాళ్ళు అరిగి, షుగరు పట్టి, ఇంక ఎవరూ పనికి పెట్టుకోనప్పుడు వచ్చింది. ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటోంది. దాని కూతుళ్ళు దాన్ని బాగా చూస్తారు. మందులు తెస్తారు, చీరలు కొంటారు. కష్టం వస్తే మాత్రం నాకు ఫోను చేస్తారు.

బొమ్మలు మార్చకపోయినా ఇలాగే జరిగేదేమో? అంత దూరాన ఉన్న తల్లికి పిల్లలు ఎలాగూ దూరమవుతారేమో? ఈ ప్రశ్న వేసుకోని రోజు లేదు. కావచ్చు. కానీ దాన్ని జరగనిచ్చి చూడలేదు కదా నేను. రూతు దగ్గరున్న సన్నని దారం ఒక్కటే, అమ్మ మనల్ని చూస్తోంది అని పిల్లలు నమ్మడం. దాన్ని నా చేత్తో తెంపాను. తెంపినదాన్ని, తెగకపోతే ఏం జరిగేదో అడిగే హక్కు నాకు లేదు.

ఇన్నేళ్ళు మోసినదాన్ని ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, పోయిన డిసెంబరులో జరిగినదాని వల్ల. దీవెన విశాఖపట్నం నుంచి మూడేళ్ళ కొడుకుని తీసుకుని నెల ముందే వచ్చింది. ఇంటికి రాగానే పాక కట్టింది, జ్ఞానుల్ని కిటికీలో పెట్టింది. నీళ్ళగట్టు వంతు అయ్యాక ఆ బుడ్డాడు, రేపెక్కడికెళ్తారు అని అడిగాడు. మిషను మీద ఎక్కుతారా అన్నాడు. దీవెన వాడి బుగ్గ పుణికి, మిషను మీదకి ఎక్కరు నాన్నా, సూదులుంటాయిగా, మా అమ్మమ్మ ఒప్పుకునేది కాదంట అంది. నా అబద్ధం దాని నోట్లోంచి వినేసరికి నా చేతిలో జల్లెడ ఆగిపోయింది. వాడు రూతు ఒళ్ళోకి ఎక్కి, నువ్వు చెప్పు కువైట్ అమ్మమ్మా, ఎక్కడికెళ్తారు అన్నాడు.

రూతు నవ్వింది. నన్నడక్కు నాన్నా, నేను తప్పు చెప్తాను, ఆ అమ్మమ్మనడుగు అని నన్ను చూపించింది. తర్వాత దీవెనతో, అవునే, మా అమ్మ సూదులని కసిరేది, నాకిప్పటికీ కళ్ళకి కట్టినట్టుంది అంది.

కళ్ళకు కట్టినట్టుందట. ఎన్నడూ జరగని సంగతి. నేను దాని పిల్లల్నే తీసుకున్నాననుకున్నాను ఇన్నాళ్ళూ. దాని అమ్మను, నాన్నను కూడా తీసి, వాళ్ళ చోట నా అబద్ధాన్ని కూర్చోబెట్టాను. అది దాన్ని నిజమనుకుని దాచుకుంది. తప్పు చెప్పే మనిషినని తనకు తాను పేరు కూడా పెట్టుకుంది.

ఆ మధ్యాహ్నం మేమిద్దరమే వంటింట్లో కజ్జికాయలు చేస్తూ కూర్చున్నాం. చెప్పేద్దామనుకున్నాను. రూతూ అన్నాను. ఏంటక్కా అని తలెత్తింది. చేతివేళ్ళ నిండా పిండి, నుదుటి మీద కూడా పిండి. ఆ మొహం చూశాక, కొబ్బరి ఎక్కువ కూరకు, పగిలిపోతాయి అన్నాను. అలాగేనక్కా అని మళ్ళీ తల దించుకుని అంచులు నొక్కుకుంది.

చెబితే ఏమవుతుంది? దానికి దాని అమ్మ తిరిగొస్తుందేమో. దీవెన, కృప నన్ను ఏమని పిలుస్తారో తెలియదు. ఈ వయసులో ఆ పిలుపు పోతే బతకలేనని భయం. చూశారా, ఇప్పటికీ ఆలోచిస్తున్నది నా గురించే. మీరు నన్ను క్షమించకండి, అది మీ చేతిలో లేదు. క్షమించాల్సిన మనిషి పక్కగదిలో కూర్చుని మనవడికి పంపాల్సిన చొక్కాకి గుండీలు కుడుతోంది. దానికి చెబుతానో లేదో నాకు తెలియదు. కనీసం ఒక్కరికైనా నిజం తెలిసి ఉండాలని మీకు చెబుతున్నాను.

నీళ్ళగట్టు తర్వాత కుట్టుమిషనే. తూర్పు నుంచి నడిచి నడిచి వాళ్ళ బట్టలు చిరిగిపోయాయని నాన్న చెప్పేవారు. అమ్మ మిగిలిన జాకెట్టు ముక్కలతో ముగ్గురికీ చిన్నచిన్న అంగీలు కుట్టేది. అమ్మ ఎప్పుడూ ఎవర్నీ కసరలేదు. దారం ఎక్కించిన సూది రూతు చేతికే ఇచ్చి, దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని, ఆఖరి కుట్టు దాని చేతే వేయించేది. నేను పక్కనే నిలబడి చూసేదాన్ని. నా చెల్లెలు తప్పు చెప్పలేదు. ఒక్కసారి కూడా చెప్పలేదు.